సాఫ్టువేరు మార్చిన లారీ మైలేజి తగ్గునా?

విజయవాడ వన్ టౌనులోని లారీ ఆఫీసులలో నేడు తఱచుగా వినవచ్చు వివాదములలో ఇది యొకటి. లారీ సర్వీసుకు పోయినది. సర్వీసు కేంద్రమువారు నూనె మార్చిరి, ఫిల్టర్లు మార్చిరి, ఇంజను పెట్టెకు కంప్యూటరు తీగె తగిలించి "క్రొత్త సాఫ్టువేరు ఎక్కించితిమి" అని చెప్పి పంపిరి. అది మొదలు, లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడచుచుండిన బండి ఇప్పుడు నాలుగు నడచుట లేదని యజమాని యనును. "అయ్యగారూ! అదే దారి, అదే సరుకు, అదే చెయ్యి. బండిలోనే ఏదో మార్చారు" అని డ్రైవరు మొఱపెట్టుకొనును. "దారిలో ఏ దాబా దగ్గర డీజిలు దిగిందో నాకు తెలియదనుకున్నావా?" అని యజమాని గద్దించును. సర్వీసు కేంద్రపు ఉద్యోగి నడుగబోయిన, సాఫ్టువేరునకును మైలేజికిని సంబంధమే లేదని యొక్క మాటతో తేల్చివేయును.

ఈ మువ్వురిలో ఎవరి మాట నిజము? ఇది తేలనంతవఱకు నష్టమును భరించువాడు మాత్రము సామాన్యముగా ఒక్కడే. ఆ నెల జీతములో "డీజిలు తరుగు" క్రింద కోత పడునది డ్రైవరుకు.

ఇది లారీవారి యింటి గొడవ యని మన పాఠకులు త్రోసిపుచ్చరాదు. ఒకప్పుడు కృష్ణా డెల్టా ధాన్యము కాలువలలో పడవలమీద బెజవాడకు చేరుచుండెడిది. నేడు గుడివాడ ధాన్యమును, నూజివీడు మామిడియును, కైకలూరు చేపయును, జగ్గయ్యపేట సిమెంటును లారీ చక్రముమీదనే కదలవలెను. లీటరు డీజిలుకు లారీ నడచు దూరము తగ్గినచో కిరాయి పెరుగును. కిరాయి పెరిగినచో వర్తకుడు దానిని తాను భరింపడు; కొనువానిపై కొంత, అమ్మిన రైతుపై కొంత మోపును.

లెక్క చూడుడు. నెలకు 10,000 కిలోమీటర్లు తిరుగు లారీ లీటరుకు 4 కిలోమీటర్ల వంతున 2,500 లీటర్ల డీజిలు త్రాగును. మైలేజి నూటికి మూడు పాళ్లు మాత్రమే తగ్గి 3.88 అయినదనుకొందము. అదే దూరమునకు సుమారు 2,577 లీటర్లు కావలెను. లెక్క సులువుకొఱకు లీటరు నూరు రూపాయలని పట్టినచో నెలకు 7,700 రూపాయలు, సంవత్సరమునకు 92,400 రూపాయలు అదనపు వ్యయము. పది పదునైదు బండ్లు గల కంపెనీకి ఇది చిల్లర కావచ్చును. అప్పుపై ఒక లారీ కొని నెలనెల వాయిదా కట్టుకొను చిన్న యజమానికి ఇది పిల్లవాని చదువు, ఒక్కొక్కప్పుడు బండియే.

లస్కరు చేతి పట్టిక

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ యుండదు. గాలిని సిలిండరులో మిక్కిలి గట్టిగా నొక్కి, అది వేడెక్కినప్పుడు డీజిలును సన్నని తుంపరగా చిమ్ముదురు. అంతట అది తానే మండును. ఎప్పుడు చిమ్మవలెను, ఎంత చిమ్మవలెను, ఎంత యొత్తిడితో, ఎన్ని విడతలుగా చిమ్మవలెను అను నీ నాలుగు ప్రశ్నలకు వచ్చు జవాబుననుసరించియే బండి బలమును, డీజిలు ఖర్చును, పొగయును ఏర్పడును. రూడాల్ఫు డీజిలు 1897లో తన యంత్రమును పరీక్షకు నిలిపిన నాటినుండి ఈ ప్రశ్నలు మాఱలేదు. జవాబు చెప్పువాడు మాత్రము మాఱినాడు.

పూర్వపు లారీలలో ఈ పని యంతయు ఇనుప పంపు చేసెడిది. ఆటోనగరు పంపు మెకానిక్కు ఒక స్క్రూను త్రిప్పి, చెవి యొగ్గి శబ్దము విని, పొగ రంగు చూచి సరిచేసెడివాడు. ఆ సవరణ కంటికి కనబడెడిది. నచ్చనిచో వెనుకకు త్రిప్పవచ్చును. నేటి లారీలో ఆ పని ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె చేయుచున్నది. ఆ పెట్టెలో వేల అంకెల పట్టికలున్నవి. ఇంత వేగము, ఇంత బరువు, ఇంత వేడి యున్నప్పుడు ఇన్ని చుక్కలు ఇంత ముందుగా చిమ్ముమని ఆ పట్టికలు చెప్పును. సాఫ్టువేరు మార్చుట యనగా ఈ పట్టికలను గాని, వానిని చదువు పద్ధతిని గాని మార్చుట.

డెల్టా రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. కాలువ తూము కడ లస్కరు నిలుచును. ఇంజనీరిచ్చిన పట్టిక ప్రకారము తలుపు లేపును, దింపును. కాలువ మాఱలేదు, తలుపు మాఱలేదు, పొలము మాఱలేదు. కాని ఆఫీసులో పట్టిక మార్చినచో చివరి భూముల గతి మాఱిపోవును. ఇనుములో ఏ మార్పును లేదు గనుక మైలేజి మాఱదనువాడు, తలుపు చెక్క అదే కాబట్టి నీరు తగ్గదని చెప్పువానివంటివాడు.

మార్పులన్నియు ఒకటి కావు

అట్లని ప్రతి సాఫ్టువేరు మార్పును మైలేజిని తినివేయుననుటయు సత్యము కాదు. ఏ పట్టిక మాఱినది యన్నదే అసలు ప్రశ్న.

కొన్ని మార్పులు దీపములకు సంబంధించినవి. నిష్కారణముగా వెలుగు హెచ్చరిక దీపమును ఆర్పుటకో, బండి యెక్కడనున్నదో కంపెనీకి తెలుపు పరికరమును సరిచేయుటకో అవి వచ్చును. వానివలన డీజిలు ఖర్చు మాఱదు.

కొన్ని డీజిలు చిమ్ము సమయమును మార్చును. కొంచెము ముందుగా చిమ్మినచో మంట పిస్టను పైనున్నప్పుడే రగిలి, దాని బలమంతయు పిస్టనును త్రోయుటకు వినియోగపడును, మైలేజి పెరుగును. కాని ఆ తీవ్రమైన వేడిలో గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలిసి నైట్రోజను ఆక్సైడులను విషవాయువులగును. కొంచెము ఆలస్యముగా చిమ్మినచో ఆ వాయువులు తగ్గును. డీజిలు ఎక్కువగా కాలును. మండిన గాలిలో కొంత భాగమును మరల సిలిండరులోనికి పంపు పద్ధతియు ఇట్టిదే: వేడి తగ్గును, విషము తగ్గును, మసి పెరుగును, మైలేజి సామాన్యముగా కొంత జాఱును.

కొన్ని మార్పులు పొగగొట్టములోని మసి వడపోతకు సంబంధించినవి. వడపోతలో మసి నిండినప్పుడు ఇంజను అదనముగా డీజిలు ఖర్చుచేసి, వేడి పుట్టించి, దానిని కాల్చివేయును. ఎన్ని కిలోమీటర్లకొకసారి కాల్చవలెనన్నది సాఫ్టువేరు నిర్ణయించును. ఈ యెడము తగ్గించినచో వడపోత మన్నును, డీజిలు తఱుగును. జాతీయ రహదారిపై నిలుకడగా పరుగెత్తు లారీకంటె, వన్ టౌను ఇఱుకు వీథులలో ఆగి ఆగి కదలు బండికి ఈ ఖర్చు అధికము.

మేలుచేయు మార్పులును గలవు. ఇంజను బలమును బరువుకు తగినట్లు పరిమితము చేయుట, గేరు మార్చవలసిన సమయమును డ్రైవరుకు సూచించుట, అధిక వేగమును అరికట్టుట ఇట్టివి. మన దేశపు లారీలు కొన్నింటిలో తేలిక బరువునకు, మధ్యమమునకు, భారీ బరువునకు వేరువేరుగా మీటలున్నవి. డ్రైవరు మీట నొక్కుట యనగా పట్టిక మార్చుటయే. ఖాళీ బండిని భారీ మీటలో నడుపువాడు తన చేతులారా డీజిలు పాఱబోయుచున్నాడు. ఇక గాలి యడ్డగింపు వేగపు వర్గమును బట్టి పెరుగునది గనుక, గంటకు 60 నుండి 80 కిలోమీటర్లకు పోయిన బండిపై అది నూటికి డెబ్బదియైదు పాళ్లకు మించి హెచ్చును. వేగమును తగ్గించు సాఫ్టువేరు డీజిలును మిగుల్చును.

మఱియొక చిత్రమున్నది. డ్రైవరు ముందున్న తెరపై కనబడు మైలేజి అంకె టాంకిని కొలిచి చెప్పినది కాదు. ఇంజెక్టర్లు ఎంతసేపు తెఱచుకొన్నవో చూచి పెట్టె వేసిన అంచనా యది. సాఫ్టువేరు మార్పుతో ఆ అంచనా కట్టు లెక్కయే మాఱవచ్చును. అప్పుడు డీజిలు మునుపటివలెనే ఖర్చగుచున్నను తెరపై అంకె తగ్గును, లేదా పెరుగును. తెరను చూచి డ్రైవరును శిక్షించుట అన్యాయము. తెరను చూచి కంపెనీని పొగడుటయు తెలివితక్కువ.

లోకానుభవము

ఇవి ఊహలు కావు. 1998 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము క్యాటర్‌పిల్లరు, కమ్మిన్సు, డెట్రాయిటు డీసెలు, మ్యాకు, నావిస్టారు, రెనో, వోల్వో అను ఏడు భారీ ఇంజను కంపెనీలతో న్యాయస్థానమునందు రాజీ చేసికొనెను. వారి ఇంజనులు పరీక్షాగారములో నిబంధనలకు లోబడి నడచెను. రహదారిపై నిలుకడ వేగమునందుకొనగానే సాఫ్టువేరు డీజిలు చిమ్ము సమయమును ముందుకు జరిపి మైలేజిని మిగిల్చెను. విషవాయువులు అనుమతించిన దానికి మూడు రెట్లవఱకు వెలువడెను. అట్టి యింజనులు సుమారు 13 లక్షలు. కంపెనీలు 8 కోట్ల 34 లక్షల డాలర్ల జరిమానా చెల్లించెను. పాత యింజనులను విప్పి బాగుచేయునప్పుడు సాఫ్టువేరును సవరింపవలెనన్నదియు ఆ రాజీలోని షరతు. సాఫ్టువేరునకును మైలేజికిని సంబంధము లేనిచో ఏడు కంపెనీలు ఇంత సాహసమునకు ఒడిగట్టునా?

2015 సెప్టెంబరులో బయటపడిన వోక్స్‌వాగను వ్యవహారము కార్లకు చెందినదైనను పాఠము అదే. పరీక్ష జరుగుచున్నదని కనిపెట్టి అప్పుడు మాత్రమే శుద్ధముగా నడచు సాఫ్టువేరు ప్రపంచమందంతట సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో నుండెను. యూరపులో 2 లీటర్ల ఇంజనులకు సాఫ్టువేరు మార్పుతోనే సవరణ చేసిరి. మార్పు తర్వాత మైలేజి తగ్గినదని కొందఱు యజమానులు మొఱపెట్టుకొనగా, తగ్గదని కంపెనీ చెప్పెను. యజమాని యొక మాట, కంపెనీ యొక మాట చెప్పుట మన ఆటోనగరుకే పరిమితము కాదన్నమాట. మన దేశమునందును ఆ కంపెనీ 2015 డిసెంబరులో మూడు లక్షలకు పైగా కార్లను సవరణకు పిలువవలసివచ్చెను.

మన దేశములో మార్గము ఇట్లు నడచినది. బి.ఎస్. 4 నిబంధనలు 2017 ఏప్రిలు 1 నుండియు, బి.ఎస్. 6 నిబంధనలు 2020 ఏప్రిలు 1 నుండియు దేశమంతట అమలైనవి. 2023 ఏప్రిలు నుండి రెండవ దశ వచ్చి, పరీక్షాగారములోనే గాక రోడ్డుమీదను వాహనముల పొగను కొలువసాగిరి. పొగగొట్టములో యూరియా ద్రావణము చిమ్మి విషవాయువులను విఱుగగొట్టు పద్ధతి లారీలలో వ్యాపించినది. ఈ పద్ధతిలో నొక సౌకర్యమున్నది. విషమును తరువాత కడిగివేయవచ్చును గనుక ఇంజనును మైలేజికి అనుకూలముగా మలచుకొనవచ్చును. కాని యూరియా ఊరక రాదు. నూరు లీటర్ల డీజిలుకు సామాన్యముగా నాలుగైదు లీటర్ల ద్రావణము కావలెను. కాబట్టి నేటి లారీకి డీజిలు లెక్క యొక్కటే వ్రాసికొన్నవాడు సగము లెక్క వ్రాసినవాడే. క్రొత్త సాఫ్టువేరు డీజిలు తగ్గించి యూరియా పెంచవచ్చును. అటు నిటుకూడ జరుగవచ్చును.

నిజమును తేల్చుట యెట్లు?

ఒక్క ట్రిప్పు చూచి తీర్పు చెప్పుట పొరపాటు. విజయవాడనుండి హైదరాబాదుకు పోయి వచ్చుటకు సుమారు 550 కిలోమీటర్లు, అనగా దాదాపు 137 లీటర్లు. టాంకి నిండుగా పోయుటలో అటునిటు 5 లీటర్ల తేడా వచ్చుట సులభము. బండి యొక ప్రక్కకు ఒఱగి నిలిచినను చాలును. ఆ 5 లీటర్లే నూటికి మూడున్నర పాళ్లకు మించును. మనము వెదకుచున్న నష్టమో మూడు పాళ్లు! కొలబద్దలోని తప్పు కొలువవలసిన వస్తువుకంటె పెద్దదైనప్పుడు ఆ కొలత దేనికి?

పది ట్రిప్పుల లెక్క కలిపి చూడవలెను. మొదటి ట్రిప్పునకు ముందు నిండుగా పోయించి, మధ్య పోయించిన ప్రతి లీటరును వ్రాసి, పదవ ట్రిప్పు చివర మరల అదే బంకులో, అదే చోట నిలిపి నిండుగా పోయింపవలెను. మొత్తము 1,375 లీటర్లలో చివరి 5 లీటర్ల పొరపాటు నూటికి అరపాలు కూడ కాదు. సాఫ్టువేరు మార్పునకు ముందు పది, తర్వాత పది ట్రిప్పులు ఇట్లు వ్రాయవలెను. మార్పు చేసిన వెంటనే ఇంజను పెట్టె కొన్ని అంకెలను తిరిగి నేర్చుకొనును గనుక మొదటి యొకటి రెండు ట్రిప్పులను విడిచిపెట్టుట మేలు. కాటా చీటిలోని బరువును, టైర్ల గాలిని, వానను, ఎదురుగాలిని గుర్తింపవలెను. చక్రము టైర్లు మార్చినను, సర్వీసులో ఇంజెక్టరు మార్చినను విడిగా వ్రాయవలెను. క్రొత్త ఇంజెక్టరు సంకేతమును పెట్టెలో సరిగా నమోదు చేయనిచో అదియే డీజిలును పాడుచేయగలదు, నింద సాఫ్టువేరుమీద పడును. సాధ్యమైనచో అదే మోడలులో సాఫ్టువేరు మార్చని మఱియొక లారీని అదే దినములలో అదే దారిని నడిపి పోల్చినచో, వానాకాలపు తగ్గుదల యెంతయో సాఫ్టువేరు తగ్గుదల యెంతయో వేఱుపడును.

ఇట్టి ఖాతా యుంచుటకు పెద్ద చదువు అక్కఱలేదు. ధాన్యపు మిల్లులో బస్తాల లెక్క వ్రాయు గుమాస్తాకు వచ్చిన విద్య చాలును.

దొంగదారి

ఇచట ఒక హెచ్చరిక యవసరము. మైలేజి తగ్గినదని విసిగిన యజమాని చెవిలో "యూరియా లేకుండ నడిపింతుము, మసి వడపోత తీసివేయుదుము, పాత బలము తెప్పింతుము" అని గుసగుసలాడువారు ప్రతి పట్టణములోను బయలుదేఱినారు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. విషమును అరికట్టు ఖర్చును ఎగవేసినవానికి ఆ ఖర్చు మిగులును. కాలువకు గండి కొట్టినవాని పొలము పండకపోవునా? దిగువవాని పొలము ఎండును.

ఎగవేసిన ఆ విషము ఎవరు పీల్తురు? ఒక ప్రక్క ఇంద్రకీలాద్రియు, ఒక ప్రక్క కృష్ణయు గల వన్ టౌనులో, ఇఱుకు వీథులలో కాపురముండువారు, మార్కెట్టులో బస్తాలు మోయు హమాలీలు, ఆ లారీ డ్రైవరు పిల్లలు పీల్తురు. చట్టమును ఊరకుండదు. మోటారు వాహనముల చట్టములో 2019లో చేర్చిన 182-ఏ సెక్షను ప్రకారము, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ప్రతి మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆఱు నెలలవఱకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. కాలుష్య నిబంధన మీఱినవానికి 190వ సెక్షను క్రింద శిక్ష వేఱు. కంపెనీ హామీ పత్రము చెల్లకపోవుట దీనికి పై ఖర్చు.

అయినను దొంగదారి త్రొక్కినవానిని నిందించి ఊరకున్న చాలదు. తన బండిలో ఏమి మార్చిరో చెప్పువారు లేకపోవుటచేతనే యజమాని గుసగుసలకు చెవి యొగ్గుచున్నాడు.

కోరదగినది

బండి యజమానిది. వాయిదాలు అతనివి. డీజిలు ఖర్చు అతనిది. ఆ బండి నడుచు పట్టికను మాత్రము మఱియొకడు అతనికి చెప్పకుండ మార్చవచ్చుననుట న్యాయమా? పొలము పాసుపుస్తకములో ఒక అంకె మార్చిన రైతునకు నోటీసు ఇయ్యవలెను. లారీ ఇంజనులో వేయి అంకెలు మార్చినవారు ఒక చీటియైన నీయనక్కఱలేదా?

ఐక్యరాజ్యసమితి యూరపు ఆర్థిక సంఘము క్రింద నడచు వాహన నియమముల వేదిక 2020 జూనులో 156వ నియమమును అంగీకరించినది. అది 2021 జనవరిలో అమలులోనికి వచ్చినది. వాహనమునకు ఏ సాఫ్టువేరు మార్పు చేసినను కంపెనీ దానిని నమోదు చేయవలెననియు, ప్రభుత్వానుమతి పొందిన లక్షణములు దానివలన మాఱునా యని పరీక్షించుకొనవలెననియు, వాడుకరికి తెలియజేయవలెననియు దాని సారాంశము. ఆ నియమమునకు కట్టుబడిన దేశములలో ఇది సాధ్యమైనప్పుడు మన దేశములో ఎందుకు సాధ్యము కారాదు?

కావున కృష్ణా జిల్లా లారీ యజమానుల సంఘమువంటి బలమైన సంఘములు మూడు పనులు పూనుకొనవలెను. మొదటిది: ప్రతి సాఫ్టువేరు మార్పునకును పాత సంఖ్య, క్రొత్త సంఖ్య, మార్చిన విషయము, డీజిలు, యూరియా ఖర్చులపై దాని ప్రభావము వ్రాసిన తెలుగు చీటిని సర్వీసు కేంద్రము లిఖితపూర్వకముగా ఇయ్యవలెనని కంపెనీలనడుగుట. రెండవది: సభ్యుల మైలేజి ఖాతాలను మోడలువారీగా ఒకచోట చేర్చుట. ఒక యజమాని ఫిర్యాదును కంపెనీ నవ్వి త్రోసిపుచ్చవచ్చును. నూరు బండ్ల ఖాతాను త్రోసిపుచ్చజాలదు. లోపము గల వాహనములను వెనుకకు పిలిపించు అధికారము 2019 సవరణచే కేంద్రప్రభుత్వమునకు గలదు. అట్టి ఖాతాయే అక్కడ సాక్ష్యము. మూడవది: సాఫ్టువేరు మార్చిన తేదీ తర్వాత పది ట్రిప్పుల లెక్క తేలువఱకు డీజిలు తరుగు పేరున డ్రైవరు జీతము కోయకుండుట.

మూడవది ఇతరుల ననుగ్రహింప నక్కఱలేనిది. రేపు ఉదయమే మన యజమానులు చేయగలిగినది. సాఫ్టువేరు మార్చిన మైలేజి తగ్గునా యన్న ప్రశ్నకు "తగ్గవచ్చును, పెరుగవచ్చును, మాఱకపోవచ్చును, ఏమి మార్చిరో చూచి, కొలిచి చెప్పవలెను" అన్నదే సత్యమైన జవాబు. కొలువకముందే దోషిని నిర్ణయించుట మాత్రము ఏ ఖాతాలోను చెల్లదు.